వంతెన లేని లెక్క

ఆయన పోయాడని తెలిసినప్పుడు నాకేమీ బాధ కలగలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే నయం. మా షాపు ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి ఆయన పాత విద్యార్థులెవరో ఫ్లెక్సీ కట్టించారు. అందులో ఆయన నవ్వుతున్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఎరుగుదును గానీ ఆయన నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. ఆ నవ్వు కంప్యూటరువాడు పెట్టిందే అయ్యుంటుంది. కింద 'విజ్ఞాన ఖని, మా దారి దీపం' అని రాయించారు. ఆ దీపాన్ని నమ్ముకుని మా చెల్లెలి భర్త ఎక్కడికెళ్ళి పడ్డాడో నన్నడగాలి.

ఫ్లెక్సీ ఇంకా రంగు వెలవకముందే ఆయన అల్లుడు బాపట్ల నుంచి ట్రాలీ ఆటోలో ఒక బండిని తెచ్చి మా షాపు ముందు దింపాడు. పాత మోటారు సైకిలు. నీలం రంగు పట్టా కప్పి, చుట్టూ తాడుతో గట్టిగా కట్టేశారు.

"మామయ్యగారు ఇంట్లోనే కరెంటు బండిగా మార్చారండి. మీకే ఇమ్మని చెప్పి పోయారు" అన్నాడు అల్లుడు.

"నాకా? సరిగ్గా విన్నారా?"

"అవునండి. తెనాల్లో మోటార్ వైండింగ్ షాపు, నలభైమూడుకి ఇవ్వమన్నారు. డోర్ నంబరేమో అనుకుని బజారంతా తిరిగానండి."

నలభైమూడు నా డోర్ నంబరు కాదు. ఇంటర్మీడియెట్లో నా రోల్ నంబరు. నాకు అమ్మానాన్నా పెట్టిన పేరొకటుంది, షాపు బోర్డు మీద అడుగెత్తు అక్షరాల్లో ఉంది. ఆయన ఎన్నడూ దాన్ని నోటితో పలకలేదు. బండిని లోపలికి తోయించి, కాలిపోయిన పంపుసెట్టు మోటార్ల పక్కన నిలబెట్టాను. పట్టా విప్పబుద్ధి కాలేదు.

ఆయన మాకు ఫిజిక్సు చెప్పాడు. చెప్పాడంటే బోర్డు మీద రాశాడు, మేం నోట్సులోకి ఎక్కించుకున్నాం. రిటైరయ్యాక బాపట్లలో కూతురి దగ్గరికి చేరాడు. అక్కడ ఆయన మాట వినేవాళ్ళు అయిపోయారో ఏమో, వారానికి రెండుసార్లు పాసింజరెక్కి తెనాలి వచ్చి మా షాపులో తేలేవాడు. వచ్చీ రాగానే జేబులోంచి తెల్లటి చేతిరుమాలు తీసి, నాలుగు మడతలూ విప్పి, మా స్టూలు మీద పరిచి, దాని మీద కూర్చునేవాడు. ఆ స్టూలు మీద నేను పాతికేళ్ళుగా కూర్చుని అన్నం తింటున్నాను. నాకు లేని అంటు ఆయన పంచెకేం అంటుకుంటుందో నాకర్థమయ్యేది కాదు.

ఏ వస్తువునూ చేత్తో ముట్టేవాడు కాదు. పెన్ను క్యాపుతో చూపించేవాడు. "అదేంట్రా? ఇదేంట్రా?" అంటూ రాగి తీగ చుట్టల మీద, బేరింగుల మీద ఆ క్యాపుతో టిక్కు టిక్కుమని కొట్టేవాడు. టీ తెప్పిస్తే సగం తాగి సగం వదిలేసేవాడు. వదిలేసిన సగంలో చక్కెర ఎక్కువైందని అరగంట ఉపన్యాసం. ఎవరైనా ఎదురు మాట్లాడితే కళ్ళజోడు తీసి, "నేను చెప్పటం లేదురా, లెక్క చెబుతోంది" అనేవాడు. ఆ మాట తర్వాత ఇంక ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు. ఆయనతో పోట్లాడొచ్చు గానీ లెక్కతో ఎవడు పోట్లాడతాడు?

పాత బండ్ల ఇంజను పీకేసి కరెంటు మోటారు పెట్టుకునే పిచ్చి మా ఊళ్ళో మొదలయ్యేసరికి ఆయన దశ తిరిగింది. జన్మలో స్పార్క్ ప్లగ్గు విప్పి ఎరగని మనిషి. సైకిలు తప్ప మరేదీ నడపలేదు. అలాంటివాడు కంపెనీల కాగితాలు నాలుగు చదివి మోటార్ల మీద, బ్యాటరీల మీద పెద్ద పండితుడైపోయాడు. ముప్పై ఏళ్ళు స్పానరు పట్టిన మెకానిక్కులు కూడా మా షాపుకొచ్చి చేతులు కట్టుకుని, "మాస్టారూ, నా బండికి ఎన్ని వాట్లు పడుతుందండీ?" అని అడిగేవాళ్ళు. మా దగ్గర ఇదొక జబ్బు. పాఠం చెప్పినవాడు ఏం చెప్పినా పాఠమే. తప్పని తెలిసినా సరే, మాస్టారి ముందు తప్పనకూడదు. నేనూ అనలేదు.

మా చెల్లెల్ని రేపల్లె అవతల పల్లెలో ఇచ్చాం. మా బావకి పాల వాడికలు. చుట్టుపక్కల ఇళ్ళలో పాలు పోయించుకుని, బండికి రెండు వైపులా నలభై లీటర్ల క్యాన్లు తగిలించుకుని, పొద్దునా సాయంత్రమూ రేపల్లెలో హోటళ్ళకీ ఇళ్ళకీ వేసేవాడు. పాల పని మనిషి చేతిలో ఉండదు. అరగంట ఆలస్యమైతే ఎండకి విరుగుతాయి, రెండు రోజులు వరసగా వెళ్ళకపోతే వాడిక ఇంకొకడి చేతికి పోతుంది. బావ బండి ఇంజను పూర్తిగా పోయింది. ఎలాగూ పోయింది కదా కరెంటుకి మార్చేద్దామని నేనే పిలిపించాను. ఆయన ఆ రోజు మా స్టూలు మీద చేతిరుమాలు పరుచుకుని ఉంటాడని ముందే తెలిస్తే మరో రోజు రమ్మనేవాణ్ణి.

బావని చూడగానే ఆయన లేచాడు. పక్కనున్న తవుడు కొట్టుకి తీసుకెళ్ళి కాటా మీద నిలబెట్టాడు. "చెప్పులు విప్పు. బెల్టు కూడా విప్పు. జేబులో ఏముంది? తాళాలా? తీసెయ్" అని ఊపిరి బిగబట్టించి తూచాడు. తర్వాత క్యాన్లు, పాలు, బండి చట్రం. గ్రాములతో సహా రాసుకున్నాడు. తవుడు కొట్టు దగ్గర జనం మూగారు. బావ బెల్టు లేని ప్యాంటు చేత్తో పట్టుకుని, గొప్ప డాక్టరు చేతిలో పడ్డవాడిలా మురిసిపోతున్నాడు.

నేను ఊరుకోలేక రాగి తీగ వచ్చిన అట్టపెట్టె మూత చింపి, దాని మీద బొమ్మ గీశాను. మోటారు చక్రంలో కాదు, చట్రం మధ్యలో ఉండాలి. దానికి చిన్న పళ్ళచక్రం, వెనక చక్రానికి పెద్ద పళ్ళచక్రం, మధ్యలో చైను. అప్పుడు బరువు లాగే బలం అయిదారింతలవుతుంది. మూడు కిలోవాట్లకి తగ్గకూడదు. బ్యాటరీ లిథియం, డెబ్భై రెండు వోల్టులది, ఒక్కసారిగా ఎక్కువ కరెంటు ఇవ్వగలిగింది. ఆయనకి అర్థమయ్యేలా చెబుదామని, "ట్యాంకు పెద్దదైతే చాలదండి, పైపు కూడా లావుగా ఉండాలి" అన్నాను.

"ట్యాంకులు, పైపులు!" అన్నాడాయన. "ఫిజిక్సు మునిసిపాలిటీలో నేర్చుకున్నావుట్రా?"

తవుడు కొట్టువాడు కూడా నవ్వాడు. ఆయన నా చేతిలోంచి అట్ట లాక్కుని, ఎర్ర పెన్ను తీసి, పైన మూలగా 'మూడు / పది' అని వేశాడు. అక్షర దోషాలకి సున్నాలు చుట్టాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా వయసు నలభై దాటి ఎన్నో ఏళ్ళయింది. అంతమందిలో చెవులు వేడెక్కి, పదిహేడేళ్ళవాడిలా నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

ఆయన తేల్చింది ఇది. వెనక చక్రంలోనే ఇమిడిపోయే హబ్ మోటారు, వెయ్యి వాట్లది. నలభై ఎనిమిది వోల్టుల మామూలు సీసం బ్యాటరీలు. "చదును నేల మీద దొర్లే బరువుకి ఇంతకంటే అక్కర్లేదు. ఎక్కువ పెట్టేవాడు తెలివితక్కువవాడు. దారిలో ఎత్తులేమన్నా ఉన్నాయా నాయనా?" అని బావని అడిగాడు.

"అబ్బే, ఎత్తులెక్కడివండీ. అంతా చేలేనండి" అన్నాడు బావ.

అబద్ధం కాదు. మా వాళ్ళెవరిని అడిగినా అదే చెబుతారు. పుట్టిన దగ్గర్నుంచీ వరి చేలు తప్ప మరేమీ చూడనివాళ్ళం. ఎత్తంటే మంగళగిరి కొండ, కోటప్పకొండ. వంతెన అంటే మాకు కాలవ. దాని మీదికి ఎక్కుతున్నామని ఎవరికీ తోచదు. బావ ఇంటికీ రేపల్లెకీ మధ్య మురుగు కాలవ మీద ఇరుకు వంతెన ఒకటుంది. రెండు వైపులా ఇంటి కప్పంత ఎత్తుకి మట్టి పోసి లేపారు. బావ రోజుకి నాలుగుసార్లు గేరు తగ్గించి దాన్ని ఎక్కుతాడు, కానీ ఎక్కుతున్నట్టు తనకే తెలీదు. నాకు తెలుసు. మోటార్ల మూలుగు వినడమే నా పని. బావ వెనక కూర్చుని ఎప్పుడెళ్ళినా ఆ వంతెన మొదట్లో ఇంజను గొంతు మారగానే దిగేసి, నడిచి ఎక్కేవాణ్ణి.

ఆయన అంతటితో ఆగలేదు. సంచీలోంచి తాపీమేస్త్రుల రసమట్టం తీసి మా షాపు ముందు తారు రోడ్డు మీద పెట్టాడు. గాజు గొట్టంలో బుడగ కదిలి కదిలి మధ్యలో నిలబడింది. "చూశారా? ఇదీ మన డెల్టా. భగవంతుడు రసమట్టం పెట్టి పోసిన నేల" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు వంగి బుడగని దర్శనం చేసుకున్నారు.

"మాస్టారూ, రేపల్లె దాటాక ఒక..." అన్నాను.

"నలభైమూడూ! ఇంటర్లో నీకొచ్చినవి ఇరవై ఎనిమిది. ముప్పై అయిదు వేసి గట్టెక్కించింది ఎవర్రా?"

నేను నోరు మూసుకున్నాను. అప్పుడు మూసుకోవడం వేరు. ఆ తర్వాత మూడు రోజులు ఆ హబ్ మోటారు నా చేతుల్తోనే బిగించాను. బావ నా పక్కనే గొంతుక్కూర్చుని స్పానర్లు అందిస్తూ, మా చెల్లెలు పెట్టి పంపిన జంతికలు తింటూ, ఇంక పెట్రోలు బంకు మొహం చూడక్కర్లేదని చెప్పుకుంటూ పోయాడు. మూడు రోజుల్లో ఒక్కసారి "బావా, వంతెన" అనుంటే సరిపోయేది. అనలేదు. ఆ వంతెన మీద మాస్టారి గాలి పోతుంది, అది నేను కళ్ళారా చూడాలి అనుకున్నాను. బండి మహా అయితే ఆగిపోతుంది, దిగి తోసుకుంటాడు, అంతే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

నిండు క్యాన్లతో మొదటి ట్రిప్పు సాయంత్రం పాలది. దానికి మాస్టారు వేంచేశాడు. ఇద్దరం రేపల్లె నుంచి ఆటోలో వెళ్ళి ఆ వంతెన మీదే దిగాం. అక్కడ దిగుదామన్నది నేనే. ఆయన పిట్టగోడ మీద చేతిరుమాలు పరిచి కూర్చుని, "ఆ చేలు చూడరా, నీళ్ళు పెడితే అద్దంలా నిలబడతాయి" అంటూ డెల్టా చదునుని పొగుడుతున్నాడు. కూర్చున్నది ఎత్తు మీద కాబట్టే ఆ చేలన్నీ కనిపిస్తున్నాయని ఆయనకి తట్టలేదు.

బావ అవతలి వైపు నుంచి వచ్చాడు. చప్పుడు లేని బండి, రెండు నిండు క్యాన్లు, మొహమంతా నవ్వు. ఊపు మీద వచ్చుంటే ఎక్కేసేవాడేమో. సగం వాలు ఎక్కేసరికి ఎదురుగా గడ్డి ట్రాక్టరు దిగింది. వంతెన ఇరుకు. బావ పక్కకి తీసి ఆపాడు. ట్రాక్టరు పోయాక మళ్ళీ యాక్సిలరేటరు తిప్పాడు. మోటారు వణికింది, మూలిగింది. వార్నిష్ మాడిన వాసన పైదాకా వచ్చింది. చుట్టిన తీగ కాలిపోతున్న ఆ వాసన నా ముక్కుకి రోజూ తెలిసిందే. తర్వాత బండి వెనక్కి జారింది. అంత బరువుని బావ కాళ్ళు ఆపలేకపోయాయి. బండి పక్కకి ఒరిగింది, నిండు క్యాను బావ కాలి మీద, మోకాలికి దిగువన పడింది. పాలు రోడ్డంతా పారాయి.

నేను పరిగెత్తాను. మాస్టారు కూడా దిగొచ్చాడు, పంచె కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుని, పాలు చెప్పులకి అంటకుండా అడుగులో అడుగు వేసుకుంటూ. వచ్చి, నా బావ ఎముక విరిగి అరుస్తుంటే, సంచీలోంచి రసమట్టం తీసి వాలు మీద పెట్టాడు. బుడగ ఒక్క ఉదుటున చివరికి పోయి అతుక్కుంది.

"ఇది రోడ్డు కాదురా. కట్టడం" అన్నాడు. "లెక్క రోడ్డుకి."

ఒక మనిషిని అసహ్యించుకోవడానికి అంతకంటే ఏం కావాలి? ఆ మాటకి ఈ రోజుకీ నా ఒళ్ళు మండుతుంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని బుడగ వైపే చూస్తున్నాడు. బావ నా చెయ్యి పట్టుకుని, నొప్పికి పళ్ళు బిగించి, "బావగారూ, మీరెప్పుడూ ఇక్కడ దిగేసి నడిచేవారు కదండీ. ఎందుకా అనుకునేవాణ్ణి" అన్నాడు. ఆ మాటలో నింద లేదు. ఇప్పుడే తెలిసిందన్నట్టు అన్నాడంతే.

మాస్టారు బుడగ మీంచి తలెత్తి నా వైపు చూశాడు. నేను ఆ రసమట్టం లాక్కుని కాలవలోకి విసిరేశాను.

బావ కాలికి రెండు నెలలు కట్టు. ఈలోగా వాడికలన్నీ చెదిరిపోయాయి. కట్టు విప్పాక కాలు కొంచెం ఈడుస్తోంది. ఇప్పుడు రేపల్లెలో, పోయిపోయి పెట్రోలు బంకులోనే పనిచేస్తున్నాడు. మాస్టారి తప్పేం లేదంటాడు, తన టైమే బాగోలేదంటాడు. మాస్టారు మళ్ళీ మా షాపు గడప తొక్కలేదు. ఒక్కసారి ఫోనైనా చేసి ఎలా ఉన్నాడని అడగలేదు. పైగా బాపట్లలో పెన్షనర్ల మీటింగులో కరెంటు బండ్ల మీద మాట్లాడుతూ, తెనాల్లో ఒకడి బిగింపు దోషం వల్ల ఒక ప్రయోగం విఫలమైందని చెప్పాడట. విన్నవాళ్ళు వచ్చి నాతో చెప్పారు. ఆ ఒకడు నేనే. అందుకే ఆయన పోయాడంటే పోయాడా అనుకున్నాను, అంతే.

ఈ రెండేళ్ళూ నాకు ఆ కోపమే తోడు. వచ్చినవాళ్ళందరికీ ఈ కథ చెప్పాను. కాటా, ఎర్ర పెన్ను, బుడగ, పాలలో పంచె కుచ్చెళ్ళు, అన్నీ అభినయించి మరీ చెప్పాను. బిగించిన మూడు రోజుల సంగతి ఎవరికీ చెప్పలేదు.

బండి వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం, పని తగ్గాక, తాడు కోసి పట్టా లాగేశాను. పగలబడి నవ్వుకుందామనే విప్పాను. వెనక చక్రంలో మోటారు లేదు. చట్రం మధ్యలో ఉంది. మూడు కిలోవాట్లది. చిన్న పళ్ళచక్రం, పెద్ద పళ్ళచక్రం, చైను. చిటికెన వేలంత లావు వైర్లు. పెట్టెలో డెబ్భై రెండు వోల్టుల లిథియం బ్యాటరీ. నేను అట్ట మీద గీసింది గీసినట్టే ఉంది.

తప్పుల కోసం వెతికాను. దొరికాయి కూడా. రెండు నట్లు తిరగేసి బిగించాడు. టేపు చుట్టిన పద్ధతి చూస్తే మెకానిక్కు చెయ్యి కాదని తెలిసిపోతోంది. చట్రం మీద గ్రీజు వేలిముద్రలు ఎండిపోయి ఉన్నాయి. వైరు ఇనుముకి ఒరుసుకోకుండా ఒక గుడ్డ చుట్టి ముడివేశాడు. నల్లగా మడ్డి పట్టిన ఆ గుడ్డని విప్పి చూస్తే చేతిరుమాలు.

బండికి రెండు వైపులా ఇనప కొక్కేలు వెల్డింగు చేయించి ఉన్నాయి. బాపట్లలో కూతురింట్లో ఉండే రిటైర్డు లెక్చరరుకి పాల క్యాన్ల కొక్కేలు దేనికి? చేశాడు, బాగానే చేశాడు, కానీ తెచ్చి ఇవ్వడానికి మొహం చెల్లలేదు. రేపల్లె వచ్చి, పెట్రోలు కొడుతున్న మనిషి ముందు నిలబడి ఒక్క మాట అనలేక, పట్టా కప్పి షెడ్డులో పెట్టుకుని, చివరికి చచ్చిపోయి పంపించాడు. పిరికివాడు. పిరికివాణ్ణి పిరికివాడనడానికి నాకేం మొహమాటం లేదు.

బ్యాటరీ పెట్టె మూత లోపల అట్ట ముక్క అంటించి ఉంది. నాదే. నేను గీసిన బొమ్మ, ఆయన చుట్టిన సున్నాలు. పైన మూల 'మూడు / పది' కొట్టేసి, పక్కన 'తొమ్మిది / పది' అని వేశాడు. దాని కింద అదే ఎర్ర పెన్నుతో, జవాబు పత్రాల మీద రాసే ఆ గుండ్రటి అక్షరాల్లో రెండు వాక్యాలు.

'ఒక మార్కు తగ్గించడమైనది. దారిలో వంతెన ఉందని తెలిసీ రాయలేదు.'

అప్పుడు కాలవ దగ్గర తలెత్తి చూసిన చూపుకి అర్థం అదన్నమాట. తెలియక తప్పు చేసిన ఆయన తన తప్పు దిద్దుకున్నాడు. తెలిసి చేసినవాణ్ణి నేను, ఆ అట్ట పట్టుకుని స్టూలు మీద కూర్చుండిపోయాను. ముసలాయన అన్ని లెక్కలూ తప్పాడు గానీ మార్కులు వేయడంలో మాత్రం తప్పలేదు.

చేతులు కడుక్కుని బావకి ఫోను చేశాను. వెనక బంకులో బండ్ల చప్పుడు.

"ఏంటండీ బావగారూ, ఈ టైములో చేశారు? అంతా బాగేనా?" అన్నాడు.

"బాగేలే. రేపు నీకొక బండి తెస్తున్నాను" అన్నాను. "దాన్ని ఇచ్చేముందు ఆ వంతెన గురించి నీకో మాట చెప్పాలి, బావా."